ఒక్క టీచర్, నూట ఇరవై మంది పిల్లలు: మలావీ పల్లె బడిలో రెండు వారాలు

ముందు ఒక చిన్న లెక్క చూడండి. ఒక క్లాసులో 120 మంది పిల్లలు, ఒక్క టీచర్, అరగంట పీరియడ్. పాఠం చెప్పడం పక్కన పెట్టి ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్ళినా, ఒక్కో బిడ్డకు దక్కేది 15 సెకన్లు. ఇక్కడ పేరెంట్స్ ఈవెనింగ్‌లో టీచర్ మనకు పది నిమిషాలే ఇచ్చిందని ఇంటికొచ్చి సణుక్కుంటాం. అక్కడ ఆ 15 సెకన్లలోనే అర్థమైందా అని అడగాలి, తప్పు దిద్దాలి, ముక్కు కారుతుంటే తుడవాలి. నోటు పుస్తకాలు దిద్దాలంటే పుస్తకానికి అర నిమిషం చొప్పున ఒక్క సబ్జెక్టుకే గంట పడుతుంది.

పోయిన ఏడాది జూన్‌లో మన గ్రూపు నుంచి ఆరుగురం మలావీ వెళ్ళాం. ముగ్గురు నర్సులం, ముగ్గురు గృహిణులు. జోంబా జిల్లాలో ఒక పల్లెటూరి ప్రభుత్వ ప్రైమరీ బడిలో రెండు వారాలు ఉన్నాం. వచ్చినప్పటి నుంచి గ్రూపులో ఒకటే ప్రశ్నలు. "నేనూ రావచ్చా?" "అక్కడ ఏం చేశారు?" "అంత దూరం వెళ్ళే బదులు డబ్బు పంపితే సరిపోదా?" అందరికీ విడివిడిగా వాయిస్ మెసేజులు పెట్టే ఓపిక లేక ఇదిగో ఇలా రాస్తున్నాను. చివర్లో ఒక గడువు కూడా ఉంది, అది మాత్రం తప్పకుండా చదవండి.

ఇంతమంది పిల్లలు ఎలా వచ్చారు?

మలావీ ఆఫ్రికాకు ఆగ్నేయంగా, పొడవాటి సరస్సు పక్కన ఉన్న చిన్న దేశం. 1964 దాకా బ్రిటిష్ పాలనలో న్యాసాలాండ్ అనే పేరుతో ఉండేది. మేం విమానం దిగిన బ్లాంటైర్ నగరానికి ఆ పేరు స్కాట్లాండ్‌లోని బ్లాంటైర్ నుంచి వచ్చింది, డేవిడ్ లివింగ్‌స్టన్ పుట్టిన ఊరది. జోంబా 1975 దాకా ఆ దేశ రాజధాని.

1994లో అక్కడ స్వాతంత్ర్యం తర్వాత మొదటిసారి చాలా పార్టీలు పోటీ చేసిన ఎన్నికలు జరిగాయి. గెలిచిన ప్రభుత్వం ఆ ఏడాదే ప్రైమరీ బడుల్లో ఫీజు ఎత్తేసింది. ఒక్క ఏడాదిలో పిల్లల సంఖ్య సుమారు 19 లక్షల నుంచి 29 లక్షలకు పెరిగింది. పది లక్షల మంది కొత్త పిల్లలు! ఆ ఊళ్ళలో రాత్రికి రాత్రి గదులు పుట్టుకొస్తాయా? పుట్టలేదు. ప్రభుత్వం వేల మందిని ట్రైనింగ్ లేకుండానే టీచర్లుగా తీసుకుంది. గదులు చాలని చోట చెట్టు కింద బోర్డు పెట్టి పాఠాలు మొదలుపెట్టారు.

మనం సాధారణంగా "పాపం, వెనకబడిన దేశం, పట్టించుకునేవాళ్ళు లేరు" అనేస్తాం. ఈ గుంపు వెనక ఉన్నది మరో సంగతి. ఫీజు కట్టలేని తల్లిదండ్రులు కూడా, తలుపు తెరవగానే, పిల్లల్ని చేయి పట్టుకుని తీసుకొచ్చారు. బడి నిండిపోయింది అంటే చదువు మీద ఆశ అంత ఉందన్నమాట. ఆ తర్వాత జనాభా కూడా పెరిగింది. 2018 జనగణనలో కోటీ 75 లక్షలు దాటారు, వాళ్ళలో దాదాపు సగం మంది పిల్లలే. ఒక టీచర్‌కు 60 మంది అనేది ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం. పల్లెల్లో కింది తరగతుల్లో వంద దాటడం మామూలు విషయం.

ప్రైమరీ ఎనిమిదేళ్ళు, స్టాండర్డ్ 1 నుంచి స్టాండర్డ్ 8 దాకా. మేం ఉన్న బడిలో స్టాండర్డ్ 1లో కాలు పెట్టే చోటు ఉండదు. స్టాండర్డ్ 8కి వచ్చేసరికి గది సగం ఖాళీ. మధ్యలో ఆ పిల్లలంతా ఏమయ్యారు అన్నదే అసలు బాధ. కొందరు ఒకే క్లాసు రెండుమూడేళ్ళు చదువుతారు. కొందరు పొలానికి పోతారు. కొందరు ఆడపిల్లలకు పెళ్ళయిపోతుంది.

బడి ఎలా నడుస్తుందో చూడండి

పిల్లలు నేల మీదే కూర్చుంటారు. బెంచీలు పై తరగతులకే. గోడకు నల్లరంగు పూసిన బోర్డు, ఒక సుద్దముక్క. స్టాండర్డ్ 2 టీచరమ్మ చంటిబిడ్డను చిటేంజేతో వీపుకు కట్టుకుని పాఠం చెప్పేది. చిటేంజే అంటే రంగురంగుల గుడ్డ. నడుముకు చుట్టుకోవడానికి, బిడ్డను కట్టుకోవడానికి, తలమీద బరువు కింద చుట్టగా పెట్టుకోవడానికి, అన్నిటికీ అదే. మన అమ్మమ్మల పాత చీర ఎన్ని పనులకొచ్చేదో గుర్తుందా, అచ్చం అలాగే.

వందమంది పిల్లలు కూర్చున్న గదిలో ఎంత గోల ఉంటుందో అని భయపడుతూ వెళ్ళాం. ఆవిడ రెండు చప్పట్లు కొట్టి చిచేవాలో ఒక పాట అందుకుంటుంది, పిల్లలు బదులు పాడతారు, పాట ఆగేసరికి గది నిశ్శబ్దం. పిల్లల్ని పది గుంపులు చేసి ఒక్కో గుంపుకు ఒక లీడర్‌ను పెడుతుంది. లీడర్ పిల్ల తన గుంపు పలకలూ పుస్తకాలూ చూసి, ఎవరికి రాలేదో వేలెత్తి చెబుతుంది. టీచర్ సరిగ్గా ఆ గుంపు దగ్గరకే వెళ్తుంది. 15 సెకన్ల లెక్కను ఆవిడ అలా మార్చుకుంది.

ఇంకో మంచి సంగతి, టాలులర్. చుట్టుపక్కల దొరికే వస్తువులతో పాఠం చెప్పడానికి అక్కడి టీచర్ ట్రైనింగులో వాడే మాట అది. సీసా మూతలతో కూడికలు, మొక్కజొన్న గింజలతో పదుల గుంపులు, అట్టముక్కల మీద అక్షరాలు. మనం చింతగింజలతో, గవ్వలతో లెక్కలు నేర్చుకోలేదూ? అదే విద్య.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, మనలాంటివాళ్ళం వెళ్ళగానే చేసే మొదటి పని టీచర్‌ను పక్కన కూర్చోబెట్టి మనం బోర్డు దగ్గర నిలబడటం. మనకు చిచేవా రాదు. కింది తరగతి పిల్లలకు ఇంగ్లీషు రెండుమూడు మాటలే వచ్చు. మనం ఆడించే ఆటలకు పిల్లలు నవ్వుతారు, మనకు సంతోషంగా ఉంటుంది. మనం వెళ్ళిన మర్నాడు ఆ క్లాసుకు వచ్చేది ఆ టీచరే. పాఠం రెండు వారాలు వెనకబడితే పూడ్చుకోవాల్సింది కూడా ఆవిడే.

మేం చేసిన పనులు

బయలుదేరడానికి మూడు నెలల ముందే హెడ్ టీచర్‌తో ఫోన్‌లో రెండుసార్లు మాట్లాడాం. "ఏం కావాలి?" అని అడిగితే మర్యాదకు ఎవరైనా "మీ ఇష్టం" అంటారు కదా. అందుకని "టీచర్లకు ఏ పనికి చేయి చాలడం లేదు? మేం ఏం తేకూడదు?" అని అడిగాం. వచ్చిన జవాబు స్పష్టంగా ఉంది. పాత బట్టలు, చాక్లెట్లు, పాత ల్యాప్‌టాపులు వద్దు. వందమందిలో ఇరవైమందికి చాక్లెట్లు దొరికితే మిగతా ఎనభైమందిని ఊరుకోబెట్టాల్సింది టీచరే. కావలసింది పుస్తకాలు దిద్దే చేతులు, చార్టులు తయారుచేసే చేతులు, రిజిస్టర్లు సరిచేసే చేతులు.

కాబట్టి రెండు వారాలు మా పని ఇదీ. ఉదయం టీచర్ ఇచ్చిన జవాబుల కాగితం పెట్టుకుని లెక్కల పుస్తకాలు దిద్దాం. లెక్కలకు భాష అడ్డం రాదు. ఏ లెక్క ఎంతమంది తప్పు చేశారో గీతలు పెట్టి టీచర్‌కు ఇచ్చాం. స్టాండర్డ్ 3లో సగం మందికి పైగా తీసివేతలో 'అప్పు' దగ్గరే ఆగిపోతున్నారని మూడో రోజుకే తేలింది. టీచర్ మర్నాడు ఆ ఒక్కటే మళ్ళీ చెప్పింది. మధ్యాహ్నం గోధుమపిండి సంచుల్ని కోసి, పరిచి, వాటిమీద అక్షరమాలలు, ఎక్కాలు, మలావీ మ్యాపు రాశాం. అక్షరాలు ఏ వరుసలో ఉండాలో టీచర్లే చెప్పారు, మేం రాతగాళ్ళం మాత్రమే. మనలో ముగ్గుల చేయి ఉన్నవాళ్ళకు ఈ పని ఎంత తేలికో!

మేం వచ్చినా పోయినా బడి ఆగలేదు. టీచర్లకు సాయంత్రం ఒక గంట ముందుగా ఇంటికెళ్ళే వీలు దొరికింది. రెండు వారాల్లో అంతకంటే పెద్ద పని చేశామని చెప్పుకుంటే అది గొప్పలకు పోవడమే.

అసలు వాలంటీర్లు ఊళ్ళోనే ఉన్నారు

తెల్లవారకముందే కట్టెల పొయ్యి ముందు కూర్చునే అమ్మలను చూడాలి మీరు. మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో పెద్ద డేగిసాల్లో గంజి కాస్తారు. దాన్ని లికూని ఫాలా అంటారు. పిల్లలు ఇంటినుంచి తెచ్చుకున్న కప్పుతో వరుసలో నిలబడతారు. వండే అమ్మలకు జీతం లేదు. ఊళ్ళో తల్లులు వంతులు వేసుకుని వస్తారు. మలావీలో చాలా బడులకు పిండి అందించే మేరీస్ మీల్స్ సంస్థ స్కాట్లాండ్‌లో పుట్టింది. 2002లో మలావీలోనే 200 మంది పిల్లలతో మొదలుపెట్టి, ఇప్పుడు చాలా దేశాల్లో 20 లక్షలకు పైగా పిల్లలకు బడిరోజుల్లో తిండి పెడుతోంది. అయినా వండేది ఊరి తల్లులే. జనవరి నుంచి మార్చి దాకా కొత్త పంట చేతికి రాక ఇళ్ళలో గింజలు అయిపోయే రోజుల్లో, ఆ కప్పుడు గంజి కోసమే బడికొచ్చే పిల్లలుంటారు. మన అమ్మానాన్నలు బడిలో పెట్టిన ఉప్మా గురించి, పాలపొడి గురించి చెప్తుంటారే, ఆ తరానికి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంకొకటి మదర్ గ్రూపు. మలావీ బడుల్లో ఇది ఉంటుంది. ఊళ్ళో పదిమంది ఆడవాళ్ళు కలిసి, బడి మానేసిన ఆడపిల్లల ఇళ్ళకు వెళ్ళి కూర్చుంటారు. ఎందుకు మానేసింది, ఎవరు మాన్పించారు, మళ్ళీ ఎప్పుడు పంపుతారు అని అడుగుతారు. ఉతికి వాడుకునే గుడ్డ ప్యాడ్లు కుట్టి పెద్ద తరగతి అమ్మాయిలకు ఇస్తారు. అక్కడ పెళ్ళి వయసును 2015లో చట్టం ద్వారా 18 చేశారు, 2017లో రాజ్యాంగాన్ని కూడా సవరించారు. చట్టం రాజధానిలో ఉంటుంది, గుమ్మం ముందు కూర్చుని అడిగేది మాత్రం ఈ అమ్మలే. డెడ్జా జిల్లాలో థెరెసా కచిందమోతో అనే సంప్రదాయ పాలకురాలు వందల బాల్యవివాహాలను రద్దు చేయించి అమ్మాయిల్ని తిరిగి బడికి పంపిన సంగతి మీలో కొందరు చదివే ఉంటారు.

ఒకరోజు మదర్ గ్రూపు మమ్మల్ని భోజనానికి పిలిచింది. న్సీమా వండారు. మొక్కజొన్న పిండితో చేసే ముద్ద, మన సంకటికి చెల్లెలు అనుకోండి. చేత్తో ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, కూరలో అద్దుకుని తినాలి. పక్కన ఎండు చేపల పులుసు, బెండ కూర. మాకు ఎవరూ నేర్పాల్సిన అవసరం రాలేదు. చేత్తో తింటున్న మమ్మల్ని చూసి వాళ్ళు నవ్విన నవ్వుతోనే సగం మొహమాటం పోయింది. ఆ తర్వాతే డబ్బు సంగతులు, బడి సంగతులు మనసు విప్పి మాట్లాడారు. మన డ్వాక్రా సంఘాల గురించి చెప్తే చాలా ఆసక్తిగా విన్నారు. వాళ్ళకూ ఊళ్ళో పొదుపు గుంపులు ఉన్నాయి.

నర్సు అక్కలకు, చెల్లెళ్ళకు ప్రత్యేకంగా

ఇక్కడి మన పిన్ నంబర్ అక్కడ చెల్లదు. మలావీ నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా మందులు ఇవ్వడం, ఇంజెక్షన్ చేయడం తగదు, ఎంత అనుభవం ఉన్నా సరే. క్లాసులో జ్వరంతో తలవాల్చి పడుకున్న బిడ్డను చూస్తే మన చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. ఆ బిడ్డను హెల్త్ సెంటర్‌కు పంపాలి. ప్రభుత్వ వైద్యం అక్కడ ఉచితం, మలేరియా పరీక్ష, మందు తెలిసినవాళ్ళు అక్కడే ఉన్నారు. మలేరియా టీకా పిల్లలకు వేయడం 2019లో మొదలుపెట్టిన మొదటి దేశం కూడా మలావీయే.

మరి నర్సులుగా మనం దేనికి పనికొస్తాం? ఊళ్ళో హెచ్.ఎస్.ఏ. అనే ఆరోగ్య కార్యకర్త ఉంటాడు, మన ఆశా కార్యకర్తలా అనుకోండి. హెడ్ టీచర్, హెల్త్ సెంటర్ ఒప్పుకున్నాక, అతను ముందుండి పిల్లల కళ్ళు పరీక్షించాడు. మేం చార్టు పట్టుకుని నిలబడ్డాం, పేర్లు రాశాం. వందమంది కూర్చున్న గదిలో వెనక వరుస బిడ్డకు బోర్డు కనపడకపోతే ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియదు, మొద్దు అని ముద్ర వేస్తారు అంతే. చూపు తక్కువ ఉన్నవాళ్ళను ఆ రోజే ముందు వరుసకు మార్చారు. జిల్లా ఆసుపత్రికి పంపాల్సిన వాళ్ళ జాబితా అతని దగ్గరే ఉంది, మా దగ్గర కాదు. అలా ఉండటమే సరైన పద్ధతి.

"మన ఊళ్ళో బడులు లేవా?"

ఈ ప్రశ్న చాలామంది వేశారు, వేయాల్సిందే. ఉన్నాయి. కానీ ఇప్పుడు ఆంధ్రాలో, తెలంగాణలో చాలా పల్లె ప్రభుత్వ ప్రైమరీ బడుల కష్టం దీనికి తిరగేసి ఉంది. అందరూ ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కేస్తే, ఇరవైమంది పిల్లలతో, ఒకే టీచర్‌తో నడిచే బడులు ఎన్నో. అక్కడ ఆ ఒక్క టీచరే అన్ని తరగతులకూ చెప్పాలి. ఇక్కడ ఒకే తరగతికి గది చాలదు. రెండింటికీ మందు వేరు. మీ ఊరి బడికి చేయాలనుకునేవాళ్ళు తప్పకుండా చేయండి, దానికోసం గ్రూపులో విడిగా మాట్లాడుకుందాం. ఒకదానికి పెట్టాం కాబట్టి రెండోదానికి పెట్టకూడదనే నియమం ఏమీ లేదు.

"డబ్బు పంపితే చాలదా?" అంటే, చాలాసార్లు చాలు. మా టికెట్లు మేమే కొనుక్కున్నాం, అయినా ఆ ఖర్చు చిన్నది కాదు. వెళ్ళడం వల్ల ఒక్క లాభం ఉంది. డబ్బు ఎవరి చేతికి, ఏ పనికి వెళ్ళాలో కళ్ళారా చూసి, వాళ్ళతోనే మాట్లాడి తేల్చుకోవచ్చు. ఆ తర్వాత మూడు నాలుగేళ్ళు మాట నిలబెట్టుకోగలిగితేనే ఆ ప్రయాణం ఖర్చుకు అర్థం.

పంపింది ఎవరికి పనికొస్తుందో మనకు తెలియకపోవచ్చు కూడా. విలియం కాంక్వాంబా కథ సినిమాగా 2019లో వచ్చింది, చూసే ఉంటారు. కరువు ఏడాది సెకండరీ ఫీజు కట్టలేక చదువు ఆగిపోయిన ఆ మలావీ కుర్రాడు, ఊరి ప్రైమరీ బడి లైబ్రరీలో పుస్తకం చూసి సైకిలు భాగాలతో గాలిమర కట్టాడు. అవి దానంగా వచ్చిన పుస్తకాలు. బడి మానేసిన పిల్లాడికి కూడా ఆ లైబ్రరీ తలుపు తెరిచి ఉండబట్టే ఆ పుస్తకం చేతికొచ్చింది.

ఇప్పుడు ఆ గడువు సంగతి

బడి వెనక ఇటుకల గుట్ట ఉంది. ఊరివాళ్ళు మట్టి తొక్కి, అచ్చు పోసి, కాల్చి పెట్టిన ఇటుకలు. ఇసుక కూడా మోసుకొచ్చి పోశారు. బడి కట్టుకోవడంలో ఊరి వంతు అదే, వాళ్ళది వాళ్ళు చేసేశారు. ఆగిపోయింది సిమెంటు, పైకప్పు రేకులు, తలుపుల దగ్గర. రెండేళ్ళుగా ఆ గుట్ట అలాగే ఉంది. రెండు తరగతులు ఇంకా మామిడి చెట్టు కిందే. ఎండాకాలం పరవాలేదు. నవంబరులో వానలు మొదలైతే ఏప్రిల్ దాకా, చినుకు పడ్డప్పుడల్లా ఆ రెండు తరగతులూ ఇంటికే. 2023 మార్చిలో ఫ్రెడ్డీ తుఫాను ఆ దక్షిణ జిల్లాలను ముంచినప్పుడు ఊళ్ళు కోల్పోయినవాళ్ళు తలదాచుకున్నది బడి గదుల్లోనే. అంటే ఆ గది చదువు చెప్పే చోటు మాత్రమే కాదు, గట్టి కప్పు అక్కడ ఊరందరికీ దిక్కు.

బడి కమిటీ, మదర్ గ్రూపు, హెడ్ టీచర్, మేం కూర్చుని ఒక పేజీ ఒప్పందం రాసుకున్నాం. ప్లాను జిల్లా విద్యాశాఖ ఆఫీసు ఆమోదించాలి. తాపీ పని ఊరి మేస్త్రీలదే, వాళ్ళకు కూలి ఇవ్వాలి. మనం వెళ్ళి వంకర గోడలు కట్టి ఫోటోలు దిగడం కాదు. గది వచ్చాక టీచర్ ఎక్కడి నుంచి వస్తుంది అని మీరు అడగొచ్చు. ఆ టీచర్లు ఇప్పటికే ఉన్నారు, చెట్టు కింద నిలబడి ఉన్నారు. మన వంతు రెండు గదులకు సిమెంటు, రేకులు, తలుపులు. కిందటి వానల ముందు ఒక గదికి కప్పు పడింది, మన దీపావళి ఫుడ్ స్టాల్ డబ్బుతో. రెండో గదికి ఈ అక్టోబరు 15 లోపు డబ్బు చేరాలి. అది దాటితే మళ్ళీ ఒక ఏడాది వాన.

అందుకని ఈసారి బతుకమ్మ, దసరా సంబరాల్లోనే స్టాల్ పెడుతున్నాం. పులిహోర, గారెలు, సకినాలు, బిర్యానీ ఎవరేం చేస్తారో గ్రూపులో రాయండి. విరాళం ఇచ్చేవాళ్ళు రిజిస్టర్డ్ చారిటీ ద్వారానే ఇవ్వండి. ఇక్కడ పన్ను కట్టేవాళ్ళయితే గిఫ్ట్ ఎయిడ్ ఫారం నింపండి, మీ ఒక్కో పౌనుకు ప్రభుత్వం 25 పెన్నీలు కలుపుతుంది. లెక్క ప్రతి నెలా గ్రూపులో పెడతాం, రసీదులతో సహా.

వచ్చే జూన్‌లో రావాలనుకునేవాళ్ళు

- నలుగురికే చోటు. అంతకంటే ఎక్కువమంది వస్తే చూసుకునే పని మళ్ళీ హెడ్ టీచర్ మీదే పడుతుంది.
- డీబీఎస్ తప్పనిసరి. పిల్లలతో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు.
- మలేరియా మాత్రల కోసం ట్రావెల్ క్లినిక్‌కు ముందే వెళ్ళండి. సరస్సులో ఈతకు దిగకండి, నత్తల నుంచి వచ్చే బిల్‌హార్జియా జబ్బు ఉంది.
- మోకాళ్ళ కింద దాకా ఉండే బట్టలు తెచ్చుకోండి. చుడీదార్ చక్కగా సరిపోతుంది.
- పిల్లల ముఖాలు కనిపించే ఫోటోలు స్టేటస్‌లో పెట్టం. మన పిల్లల ఫోటో స్కూలువాళ్ళు అడగకుండా పెడితే ఒప్పుకుంటామా? వాళ్ళ తల్లులకూ అంతే.
- నాలుగు మాటలు నేర్చుకుని రండి. "మోని" అంటే నమస్తే. "ములి బ్వాంజి?" అంటే ఎలా ఉన్నారు. "జికోమో" అంటే ధన్యవాదాలు. "అఫుంజిత్సి" అంటే టీచర్ గారు. ఆ చివరి మాట గౌరవంగా పలకండి, ఎందుకంటే మీరు వెళ్ళేది ఆవిడ క్లాసుకు, ఆవిడ చెప్పిన పని చేయడానికి.

స్టాల్‌కు పేర్లు ఈ ఆదివారం లోపు ఇవ్వండి. ఎవరెన్ని కేజీలు చేయగలరో కూడా రాయండి, బియ్యం, నూనె ఒకేసారి హోల్‌సేల్‌లో తెచ్చుకుంటే రేకులకు ఇంకాస్త మిగులుతుంది.